చిన్న చేతులకు చోటిద్దాం

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఊళ్లలో విశ్వాసుల ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. ఒకప్పుడు వాటిని ఇంట్లోనే చేసుకునేవాళ్లం. వెదురు బద్దలు చీల్చి, పురికొసతో కట్టి, రంగు కాగితాలు కత్తిరించి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అతికించి, లోపల ఒక బల్బు వేలాడదీసేవాళ్లం. బద్దలకు చేతులు గీసుకునేవి. మంచుకు తడిసి తెల్లారేసరికి కాగితం ఊడిపోయేది. మళ్లీ అతికించేవాళ్లం. ఇప్పుడు బజారులో రకరకాల నక్షత్రాలు తయారుగా దొరుకుతున్నాయి. వెలుగు ఎక్కువే. కానీ ఆ పనిలో పిల్లలకు దొరికే వాటా మాత్రం పోయింది.

కొన్నేళ్ల క్రితం మేము సేవ చేస్తున్న ఒక పల్లె సంఘంలో జరిగిన సంగతి పాఠకులతో పంచుకోవాలి. పొరపాటు మాదే గనుక దాచుకోకుండా చెప్పడమే న్యాయం.

ఆ ఏడు మందిరం ముందు కట్టడానికి పట్నం నుంచి పెద్ద నక్షత్రం కొనుక్కొచ్చాం. అదే సాయంత్రం, సండేస్కూలుకు వచ్చే తొమ్మిదేళ్ల బాబు తాను చేసిన నక్షత్రం పట్టుకుని వచ్చాడు. చీపురు పుల్లలు, పాత వార్తాపత్రిక, పైన పసుపు కలిపి పూసిన పూత. నాలుగు కొనలు పొట్టిగా ఉన్నాయి. ఐదోది వాటికి రెట్టింపు పొడవుంది. అక్కడున్న యవనస్థులు నవ్వారు. మేమూ నవ్వాం. "బాబూ, వంకరగా వచ్చింది. కొలత చూసుకోవాలి కదా! వెనక గదిలో పెట్టు, తర్వాత చూద్దాం" అన్నాం. బాబు మారు మాట్లాడలేదు. నక్షత్రాన్ని వెనక గదిలో పెట్టకుండా ఇంటికి తీసుకుపోయాడు. క్రిస్మస్ నాటికలో గొల్లవాడి వేషం వేయవలసిన పిల్లవాడు మరునాటి నుంచి రిహార్సల్‌కు రాలేదు. పండుగ ఆరాధనకూ రాలేదు.

పండుగ హడావుడి తగ్గాక వాళ్లింటికి వెళ్లాం. చూరుకు ఆ నక్షత్రం వేలాడుతోంది. పొడవాటి కొన గుమ్మం వైపు తిరిగి ఉంది. వాళ్లమ్మ కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, మేము అడగకముందే చెప్పింది. "ఏం లేదండీ అయ్యగారూ. జ్ఞానులకు దారి చూపించింది కదా, అందుకని వేలు పెట్టి చూపించినట్టు ఒక కొన పొడుగ్గా చేశానన్నాడు. అందరూ నవ్వారని ఇక రానంటున్నాడు."

మాకు నోట మాట రాలేదు. వేదాంత కళాశాలలో చదువుకున్నాం. మత్తయి సువార్త 2వ అధ్యాయం మీద ఎన్ని క్రిస్మస్ ప్రసంగాలు చేశామో లెక్క లేదు. ఆ నక్షత్రం జ్ఞానుల ముందు నడిచి, శిశువు ఉన్న చోటికి మీదుగా వచ్చి నిలిచిందని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాం. పసివాడు ఆ మాట విని, తలపోసి, చీపురు పుల్లలతో తిరిగి మాకు చెప్పాడు. మేము ఆ ప్రసంగాన్ని వినకుండా కొనలు కొలిచాం.

గుడారం కట్టిన చేతులు

అరణ్యంలో ప్రత్యక్ష గుడారం కట్టవలసి వచ్చినప్పుడు దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరు పెట్టి పిలిచాడు. హెబ్రీ భాషలో ఆ పేరుకు 'దేవుని నీడలో' అని అర్థం. అతడు ప్రవక్త కాదు, యాజకుడు కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, చెక్క... వీటితో పని చేసే చేతిపనివాడు. అలాంటి మనిషిని తన ఆత్మతో నింపానని దేవుడు మోషేతో చెప్పడం నిర్గమకాండము 31వ అధ్యాయంలో చూస్తాం. దాను గోత్రికుడైన అహోలీయాబును అతనికి తోడుగా ఇచ్చాడు. 35వ అధ్యాయానికి వస్తే మరో సంగతి కనిపిస్తుంది. ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడే వారిద్దరికీ ఇచ్చాడు. అదే అధ్యాయంలో నేర్పు గల స్త్రీలు తమ చేతులతో నూలు, మేకవెంట్రుకలు వడికి తెచ్చారు.

ఆత్మ వరాలు అనగానే మనకు ప్రసంగం, ప్రార్థన, పాట గుర్తుకొస్తాయి. ఉలి, సూది, దారం గుర్తుకు రావు. అందుకే సండేస్కూలులో బాగా పాడే పిల్లను ముందు నిలబెడతాం. వాక్యాలు కంఠస్థం చేసిన పిల్లవాడికి బహుమతి ఇస్తాం. మూల కూర్చుని మట్టితో గొర్రెపిల్లను చేస్తున్న బిడ్డను "అల్లరి మాని పాఠం విను" అని గద్దిస్తాం. నిజానికి ఆ బిడ్డ పాఠంలోనే ఉందేమో!

కొందరు పెద్దలకు ఒక సందేహం ఉంటుంది. బొమ్మలు గీయించడం, ప్రతిమలు చేయించడం రెండవ ఆజ్ఞకు విరోధం కాదా అని అడుగుతారు. గౌరవించవలసిన ప్రశ్నే. అయితే 20వ అధ్యాయంలో విగ్రహారాధనను నిషేధించిన దేవుడే, అదే గ్రంథంలో దీపవృక్షానికి బాదం పువ్వుల రూపం పెట్టమన్నాడు. యాజకుని నిలువుటంగీ అంచుకు మూడు రంగుల దారాలతో దానిమ్మపండ్లు చేసి పెట్టమన్నాడు. సృష్టిలో చూసిన అందాన్ని చేతితో మళ్లీ చేయడం పాపమైతే ఆ ఆజ్ఞలు ఉండేవి కావు.

అలాగని జాగ్రత్త అక్కరలేదని కాదు. బెసలేలు పిలుపు 31వ అధ్యాయంలో ఉంటే, బంగారు దూడ 32వ అధ్యాయంలోనే ఉంది. ఇశ్రాయేలీయులు భార్యల, కుమారుల, కుమార్తెల చెవుల పోగులు తీసి ఇస్తే ఆ దూడ తయారైంది. అదే బంగారం, అవే చేతులు. దేవుడు దానికి విరుగుడుగా పనివాళ్ల చేతులు కట్టేయలేదు. వారికి గుడారం పని అప్పగించాడు. పిల్లల విషయంలో మన బాధ్యత కూడా అంతే. చేతులకు మంచి పని చూపించాలి.

పాదిరిగారి అబ్బాయి

చరిత్రలోకి ఒకసారి తొంగిచూద్దాం. 1782లో జర్మనీలోని తురింగియా ప్రాంతంలో ఒక లూథరన్ పాదిరిగారి ఇంట ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ అనే బాలుడు పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి చనిపోయింది. తండ్రి సంఘ పనులలో తీరిక లేనివాడు. ఒంటరిగా తోటలో, చెట్ల మధ్య తిరుగుతూ పెరిగిన ఆ పిల్లవాడే పెద్దవాడయ్యాక 1837లో బ్లాంకెన్‌బర్గ్ పట్టణంలో చిన్నపిల్లల కోసం ఒక బడి తెరిచాడు. చెక్క దిమ్మెలు, రంగు ఉండలు, కాగితం మడతలు, చాప అల్లినట్టు అల్లే కాగితపు పట్టీలు, మట్టిబొమ్మలు... ఇవే అక్కడ పాఠాలు. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ బడులను నిషేధించింది. మరుసటి ఏడే ఫ్రోబెల్ కన్నుమూశాడు. 1860లో నిషేధం తొలగిపోయింది.

మన ఊళ్లలోని ఎల్‌కేజీ, యూకేజీలలో 'కేజీ' అంటే ఆ పిల్లల తోటే. ఆ తోటలోనే మూడేళ్ల బిడ్డ చేత పేజీలకు పేజీలు అక్షరాలు రాయిస్తున్నాం. డ్రాయింగు పీరియడ్ వస్తే లెక్కల టీచరు తీసుకుంటారు. ప్రాజెక్టు వర్కు ఇస్తే నాన్న పుస్తకాల షాపులో బొమ్మలు కొంటాడు, అమ్మ అతికిస్తుంది, బిడ్డ పేరు రాస్తుంది. సంఘ సేవలో తలమునకలైన ఆ తండ్రిని తలచుకున్నప్పుడల్లా కాపరులమైన మేము కూడా మమ్మల్ని పరీక్షించుకోవలసి వస్తుంది. మందిరం పనికి వేళ చూసుకుంటాం. మన ఇంట్లో బిడ్డ చూపించే బొమ్మకు వేళ ఉండదు.

అదే జర్మనీలో మొరేవియన్ విశ్వాసుల పాఠశాలలో 19వ శతాబ్దంలో రేఖాగణిత పాఠంగా పిల్లల చేత కాగితపు నక్షత్రాలు చేయించారు. తరగతి గదిలో పుట్టిన ఆ నక్షత్రం ఇప్పటికీ ఎన్నో దేశాలలో క్రీస్తు ఆగమన కాలంలో మందిరాల ముందు వెలుగుతోంది.

మన గోదావరి తీరాన కూడా ఒక సాక్ష్యం ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీలు స్త్రీలకు నేర్పిన లేసు అల్లిక తల్లి నుంచి కూతురికి, ఇంటి నుంచి ఇంటికి పాకి నరసాపురం ప్రాంతంలో వేలాది కుటుంబాలకు బ్రతుకుతెరువైంది. వారి కష్టానికి తగిన కూలి దక్కలేదన్నది కూడా మరువరాని నిజం. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అమ్మమ్మ పక్కన కూర్చుని, కొక్కెం సూది పట్టుకోవడం నేర్చుకున్న చిన్న చేతులు లేకపోతే ఆ విద్య ఇంతకాలం నిలిచేది కాదు.

ఏం చేయించవచ్చు?

పెద్ద ఖర్చు అవసరం లేదు. యెహోషువ 4వ అధ్యాయం చెప్పేటప్పుడు పిల్లల చేత పన్నెండు గులకరాళ్లు ఏరించి, వాటికి రంగులు వేయించండి. ఆ రాళ్లను మందిరం గట్టు మీద పేరిస్తే, "ఇవేమిటి?" అని అడిగిన ప్రతివారికీ పిల్లలే జవాబు చెబుతారు. ఆ అధ్యాయం ఉద్దేశమే అది. మట్టల ఆదివారానికి ముందు కొబ్బరాకులు ఇస్తే బూరలు, గడియారాలు, పక్షులు అల్లుతారు. పది మంది కన్యకల ఉపమానానికి చెరువు మట్టితో ప్రమిదలు చేయించవచ్చు. యోసేపు అంగీకి టైలరు దగ్గర మిగిలిన గుడ్డముక్కలు చాలు. పాత శుభలేఖలు దాచి ఉంచితే వాటి వెనక ఖాళీ అట్ట మీద రోగులకు పరామర్శ కార్డులు తయారుచేస్తారు. ఆ కార్డు పట్టుకుని పిల్లలను ఆసుపత్రికో, మంచాన ఉన్న వృద్ధుల ఇంటికో తీసుకువెళ్లండి. యొప్పేలో దోర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు కన్నీళ్లతో పేతురుకు చూపించారు. చేతిపని ప్రేమగా మారడం అంటే ఏమిటో పిల్లలకు అలా తెలుస్తుంది.

బ్లేడు, వెదురు బద్దలు చీల్చే కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. చిన్నపిల్లలకు మొన లేని కత్తెర ఇవ్వాలి. కరెంటు బల్బు పెద్దలే బిగించాలి. అక్కడితో మన చేయి వెనక్కి తీసుకోవాలి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. గొర్రెకు ఐదు కాళ్లు వచ్చినా, ఆకాశం ఎర్రగా ఉన్నా మనం పెన్సిలు లాక్కోకూడదు. ఒకే బొమ్మ జిరాక్సు తీసి అందరి చేతా ఒకే రంగు వేయిస్తే పిల్లలు మన మాట విన్నట్టు తెలుస్తుంది గానీ, వాక్యంలో వాళ్లు ఏం చూశారో తెలియదు.

"ఎంత బాగుందో!" అని పైపైన పొగిడి పక్కన పెట్టడం కూడా పిల్లలకు అర్థమవుతుంది. దానికి బదులు పక్కన కూర్చుని, "దీని సంగతి చెప్పు నాన్నా" అని అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్న ఆనాడు మేము అడిగి ఉంటే పండుగ రోజున ఆ బాబు చూరు కింద ఒంటరిగా కూర్చునేవాడు కాడు. పోటీలు పెట్టినా మొదటి బహుమతి ఒక్కరికే ఇచ్చి మిగతావారిని ఉత్త చేతులతో పంపకుండా, అందరి పనినీ నెలరోజులు మందిరం గోడకు ఉంచండి. ప్రతి సంవత్సరం హన్నా తన బిడ్డ సమూయేలుకు చిన్న అంగీ కుట్టి మందిరానికి తెచ్చేది. ఇప్పుడు బిడ్డలు కుట్టింది, గీసింది మందిరానికి రానిద్దాం.

ఆ రోజు ఆ ఇంట్లో మేము చాప మీద కూర్చుని బాబుతో, "తప్పు మాదే నాన్నా. నీ నక్షత్రం మాకు అర్థం కాలేదు" అన్నాం. తలెత్తలేదు. నక్షత్రం మందిరానికి ఇస్తావా అంటే ఇవ్వనన్నాడు. బలవంతం చేయలేదు. సండేస్కూలుకు తిరిగి రావడానికి వేసవి దాకా పట్టింది.

మరుసటి ఏడు నవంబరులో వెళ్లి, "ఈసారి నక్షత్రం కొనడం లేదు. చిన్నపిల్లలకు నువ్వే నేర్పాలి" అని అడిగాం. అప్పుడు కూడా ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం మాత్రం చంకలో చీపురు పుల్లల కట్టతో మందిరం మెట్ల మీద కనిపించాడు. చుట్టూ ఆరేడుగురు పసిపిల్లలు, చేతుల నిండా జిగురు. ఆ క్రిస్మస్‌కు మందిరం ముందు వేలాడిన నక్షత్రాలలో ఒక్కటీ సమంగా లేదు. ప్రతిదానికీ ఒక కొన పొడుగ్గా ఉంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా! ఈ ఆదివారం పాఠం అయ్యాక పిల్లల చేతికి ఒక కాగితం, కాస్త రంగు ఇవ్వండి. వాళ్లు గీస్తున్నంతసేపు మీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. గీయడం అయ్యాక ఏం గీశారో అడిగి, చెప్పేది పూర్తిగా వినండి.