కంటికి గాలి, లెన్సుకు నీళ్లు

2000 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాదిపాటు హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ బృందం ఒకటి పాలమూరు జిల్లా పల్లెలు తిరిగి 7 నుంచి 15 ఏళ్ల పిల్లల కళ్లు పరీక్షించింది. మొత్తం 4,074 మందిని చూశారు. అద్దాలు లేకుండా, రెంటిలో బాగున్న కంటితో కూడా చార్టు సరిగా చదవలేనివాళ్లు నూటికి 2.7 మంది తేలారు. ఎవరి అద్దాలు వాళ్లకు పెట్టించి చూస్తే ఆ లెక్క 2.6కు దిగింది, అంతే. అంటే సైటున్న పిల్లల్లో కళ్లద్దాలున్నవాళ్లు లేనట్టే. సరైన పవరు పెట్టి చూపిస్తే మాత్రం 0.78కి పడిపోయింది.

అలాంటి చోట కాంటాక్ట్ లెన్సు ముచ్చటెందుకని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మామూలు సైటుకు కళ్లద్దాలు చాలు. 2018 ఆగస్టు 15న మొదలైన ‘కంటి వెలుగు’ కార్యక్రమంలో తెలంగాణ ప్రభుత్వం పంచినవీ అవే, అదే సబబు కూడా. అయితే ఎన్ని అద్దాలు మార్చినా అతకని కళ్లు కొన్ని ఉంటాయి. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర కార్నియా. కొందరికి పదిహేను, పదహారేళ్ల వయసులో అది పల్చబడి, ముందుకు పొడుచుకొచ్చి, వంకర తిరుగుతుంది. దీన్ని కెరటోకోనస్ అంటారు. దుమ్ముకూ ఎండకూ కళ్లు దురదపెట్టి, పొద్దస్తమానం నలుపుకునే పిల్లల్లో ఇది ముదిరే ప్రమాదం ఎక్కువ. వంకర పోయిన కార్నియాకు దూరంగా ముక్కు మీద కూర్చున్న అద్దం ఆ వంకరను సరిచేయలేదు. గట్టి లెన్సు చేస్తుంది. లెన్సుకూ కార్నియాకూ మధ్య సందులో కన్నీరు నిండుతుంది. కన్నీరు, కార్నియా కాంతిని వంచే తీరు ఇంచుమించు ఒకటే. అందుకే గుంతలు పడ్డ షాబాదు బండల మీద నీళ్లు నిలిస్తే పైన చదునైనట్టు, కాంతికి అడుగునున్న ఎగుడుదిగుళ్లు తెలియవు. లెన్సు నున్నటి పైముఖమే ఇక కొత్త కార్నియా.

1888లోనే పారిస్‌లో యూజీన్ కాల్ట్ గాజు లెన్సు పెట్టింది ఇలాంటి కంటికే. అదే ఏడు జ్యూరిక్‌లో ఉన్న అడాల్ఫ్ యూజెన్ ఫిక్ అనే వైద్యుడు తన ప్రయోగాలను ప్రచురించాడు. కుందేళ్ల కళ్ల మీద మొదలుపెట్టి, తన కంట్లో పెట్టి చూసుకుని, ఆ తరవాతే రోగుల దాకా వచ్చాడు. అతని లెన్సు తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద గాజు చిప్ప. కంటికీ దానికీ మధ్య గ్లూకోజు ద్రావణం నింపేవాడు. రెండు గంటలు దాటితే చూపు మసకేసేది. మరుసటి ఏడు జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ ముల్లర్ అనే విద్యార్థి తన మైనస్ 14 సైటు కోసం సొంతంగా లెన్సు చేయించుకున్నాడు. కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబార్చుకుని పెట్టుకున్నా అరగంటకు మించి ఓర్చుకోలేకపోయాడు.

మసకెందుకొచ్చింది? కార్నియాలో రక్తనాళాలు ఉండవు. ఉంటే కాంతికి అడ్డమే కదా. రక్తం లేదు కాబట్టి దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం కన్నీటి పొర గుండా నేరుగా గాలి నుంచే వస్తుంది. గాజు ఆ దారి మూసేసింది. ఊపిరాడని కార్నియా నీరు పట్టి ఉబ్బి మసకబారింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఒక వాయువు ఒక పొర గుండా ఎంత వేగంగా పాకుతుందో చెప్పే సూత్రాన్ని 1855లో ప్రకటించినవాడు అడాల్ఫ్ ఫిక్. ఈ కంటి వైద్యుడికి స్వయానా బాబాయే. ఇవాళ్టికీ ఏ లెన్సు ఎంత ఆక్సిజన్ వదులుతుందో కట్టే లెక్క ఆ సూత్రం మీదే నిలబడింది. అబ్బాయి గాజు ఎక్కడ ఓడిపోయిందో బాబాయి సూత్రం అప్పటికే చెప్పగలిగేది.

1930లలో గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది. తేలికైంది, పగలదు, కాని ఆక్సిజన్‌కు అదీ గోడే. 1948లో కాలిఫోర్నియాలో కెవిన్ టూహీ లెన్సును నల్లగుడ్డు వరకే కుదించాడు. సాన పడుతుంటే అంచు విరిగిపోయిందనీ, మిగిలిన నడిమి ముక్కను తన కంట్లోనే పెట్టి చూసుకున్నాడనీ చెప్తారు. చిన్న లెన్సు రెప్ప వేసినప్పుడల్లా కదులుతుంది, కదిలినప్పుడల్లా అడుగుకు కొత్త కన్నీరు చేరి కాస్త ఆక్సిజన్ తెస్తుంది. ఆ కాస్తతోనే ఒక తరం నెట్టుకొచ్చింది.

మెత్తని లెన్సు కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ప్రాగ్‌లో ఒట్టో విఖ్టర్లే అనే రసాయన శాస్త్రవేత్త, ద్రహోస్లావ్ లీమ్‌తో కలిసి, నీళ్లు పీల్చుకుని మెత్తబడే ప్లాస్టిక్‌ను తయారుచేశాడు. 1960లో ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. లెన్సులు పోయబోతే అచ్చుల నుంచి తీసేటప్పుడు అంచులు చిరిగిపోయేవి. సర్కారు మద్దతు ఆగిపోయింది. 1961 క్రిస్మస్‌కు ఆయన ఇంట్లో భోజనాల బల్ల మీద పిల్లలు ఆడుకునే మెర్కూర్ ఇనుప సెట్టుతో ఒక యంత్రం బిగించాడు. తిప్పడానికి సైకిలు డైనమో, కరెంటుకు కాలింగ్ బెల్లు ట్రాన్స్‌ఫార్మర్. చిన్న అచ్చులో ద్రవం చుక్క వేసి గిరగిరా తిప్పితే అది పక్కలకు ఎగబాకి, ఆ వంపులోనే గట్టిపడింది. అంచు దానంతటదే నున్నగా తేలింది. ఆ పండగ పూట నాలుగు లెన్సులు వచ్చాయి. కొన్ని నెలల్లో వేలు. పేటెంటు హక్కులు అమెరికా చేరి, 1971లో బాష్ అండ్ లామ్ కంపెనీ మెత్తని లెన్సుకు అక్కడి ప్రభుత్వ అనుమతి దొరికింది. 1968 నాటి ప్రజాస్వామ్య ప్రకటన మీద సంతకం పెట్టిన విఖ్టర్లే మాత్రం సొంత దేశంలో సంస్థ డైరెక్టరు పదవి పోగొట్టుకున్నాడు.

విఖ్టర్లే పదార్థంలో దాదాపు 38 శాతం నీళ్లే. ఆక్సిజన్ ఆ నీళ్లలో కరిగి లోపలికి పోవాలి, కాబట్టి పగటికి సరే, రాత్రికి చాలదు. రెప్ప మూస్తే కార్నియాకు అందే ఆక్సిజన్ పగటి దాంట్లో దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. పెట్టుకుని పడుకోవాలంటే లెన్సు పగటి లెన్సుకు మూడున్నర రెట్ల ఆక్సిజన్ వదలాలని బ్రయన్ హోల్డెన్, జార్జ్ మెర్ట్జ్ 1984లో లెక్కగట్టారు. నీళ్ల కన్నా ధారాళంగా ఆక్సిజన్ వదిలే సిలికాన్‌ను ఆ మెత్తని పదార్థంతో కలిపిన లెన్సులు 1999కల్లా బజారుకొచ్చాయి.

ఇక్కడ హైదరాబాదు కథలోకి వస్తుంది. సిడ్నీలో పనిచేసిన హోల్డెన్‌కు, 1987లో ఎల్వీ ప్రసాద్ సంస్థను స్థాపించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుకు చిరకాల స్నేహం ఉండేది. సంస్థలోని పరిశోధన కేంద్రానికి ఇప్పుడు హోల్డెన్ పేరే ఉంది. లెన్సు తీయకుండా పడుకుంటే కంటికి ఏమవుతుందో 1990లలో హైదరాబాదు వాడకందారుల మీద నెలల తరబడి గమనించారు. మొదటి 13 నెలల ఫలితాలను పద్మజా శంకరిదుర్గ్ తదితరులు 1999లో ప్రచురించారు. అప్పటికి పదేళ్ల ముందే అమెరికాలో తేలిన లెక్క ఒకటుంది. మెత్తని లెన్సును రోజూ రాత్రి తీసేసేవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో నలుగురికి కార్నియా పుండు పడితే, పెట్టుకుని పడుకునేవాళ్లలో ఇరవై ఒక్కరికి పడుతుంది. సిలికాన్ లెన్సులొచ్చాక ఈ తేడా పోతుందనుకున్నారు. పోలేదు. గాలి సమస్యను రసాయన శాస్త్రం తీర్చింది, సూక్ష్మజీవుల సమస్య అలాగే ఉంది.

ఇప్పుడు నేర్చుకోవడం సంగతి. పెట్టుకోవడానికి నైపుణ్యం కన్నా ముందు రెప్పకు నచ్చజెప్పాలి. కంటి వైపు ఏది వచ్చినా మూసుకోవడమే దాని పని. కుడిచేతి చూపుడు వేలి కొసన లెన్సు, అదే చేతి నడిమి వేలితో కింది రెప్ప, రెండో చేత్తో పై రెప్ప వెంట్రుకల దగ్గర గట్టిగా పట్టడం. చాలామంది రెప్పను మధ్యలో పడతారు, అది జారిపోతుంది. ముందు లెన్సు తిరగబడిందేమో చూడాలి: అంచులు నిటారుగా ఉంటే సరైనది, బయటికి విచ్చుకుంటే తిరగబడ్డది. ఎప్పుడూ ఒకే కంటితో మొదలుపెడితే కుడి ఎడమ మారవు. తీసేటప్పుడు పైకి చూస్తూ లెన్సును తెల్లగుడ్డు మీదికి జరిపి, రెండు వేళ్ల మెత్తని భాగంతో పట్టి తీయాలి, గోళ్లతో కాదు. కంటి వెనక్కి వెళ్లిపోతుందన్న భయం అక్కర్లేదు. రెప్ప లోపలి పొర మడత పడి తెల్లగుడ్డుకు అతుక్కుని ఉంటుంది, దారి అక్కడితో సరి. మన వంటిళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది: పచ్చడి నూరిన చేతిని సబ్బుతో ఒకసారి కడిగితే కారం పోదు. లెన్సు పెట్టుకున్నాకే వంటలోకి దిగాలి, కాటుకైనా అంతే.

కొందరికి ఈ పాఠం ఇంకా పెద్దది. ఏదో మందు పడక ఒళ్లంతా కాలినట్టయ్యే స్టీవెన్స్ జాన్సన్ జబ్బు నుంచి బతికి బయటపడ్డవాళ్లకు తరచూ కన్నీరు ఎండిపోయి, రెప్ప గీసుకుని, కన్ను తెరవడమే కష్టమవుతుంది. ఎల్వీ ప్రసాద్ సంస్థలో వీళ్లకు ‘ప్రోస్’ అనే పెద్ద గట్టి లెన్సు అమరుస్తారు. దాని నిండా సెలైన్ పోసి, ముఖం నేలకు సమాంతరంగా వంచి, బుడగ చొరకుండా కంటికి అద్దాలి. తీయడానికి చిన్న రబ్బరు ప్లంజరు. తెల్లగుడ్డు మీద ఆనే చిప్ప, లోపల ద్రావణం: ఫిక్ చేసిన ఏర్పాటే ఇది, గాజు బదులు ఆక్సిజన్ వదిలే పదార్థం దొరికిందంతే.

నీళ్ల విషయంలో మాత్రం నేను మొండిగానే చెప్తాను. నల్గొండ వాళ్లకు నీళ్లను అనుమానించడం నేర్పక్కర్లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. కాని తాగడానికి పనికొచ్చే నీళ్లు లెన్సుకు పనికిరావు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు, ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లు, ఆఖరికి కాచి చల్లార్చిన నీళ్లు కూడా వద్దు. అకాంథమీబా అనే ఏకకణ జీవి మట్టిలో, నీటిలో ఎక్కడైనా ఉంటుంది, గట్టి పెంకు కట్టుకుని క్లోరిన్‌ను సైతం తట్టుకుంటుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా లెన్సు వాడేవాళ్ల జబ్బు. ఎల్వీ ప్రసాద్ సంస్థకు చెందిన సావిత్రి శర్మ, ప్రశాంత్ గార్గ్, గుళ్లపల్లి 2000లో రాసిన పత్రం లెన్సు ముఖమే చూడని రోగుల గురించి: కంట్లో దెబ్బ తగిలినవాళ్లు, మురికి నీళ్లు పడ్డవాళ్లు. లెన్సు లేకుండానే పొంచి ఉన్న జీవికి లెన్సు రూపంలో అరుగు వేయడమెందుకు? చెరువులో ఈతకు, బోరు కింద స్నానానికి దిగేముందు తీసేయాలి. డబ్బీలో నిన్నటి ద్రావణం పారబోసి కొత్తది పోయాలి. మూడు నెలలకు డబ్బీనే మార్చాలి.

కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నీరు కారితే లెన్సు తీసేసి మళ్లీ పెట్టొద్దు. చనుబాలు, ఆకుపసరు, మందుల షాపు వాళ్లిచ్చే స్టెరాయిడ్ చుక్కలు ఏవీ వేయొద్దు. పుండు మానినా కంట్లో పువ్వు మిగిలితే చూపు పోవచ్చు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వెళ్లేటప్పుడు తీసిన లెన్సునూ, కడగకుండా డబ్బీనీ వెంట తీసుకెళ్లాలి. పుండుతో పాటు వాటినీ ల్యాబుకు పంపితే ఏ క్రిమి పట్టిందో త్వరగా తేలుతుంది.