పసుపు కాలం - బడి గంటలు

మాఘమాసం వచ్చిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్ళలో పసుపు ఉడకబెట్టే వాసన బస్సు కిటికీల్లోంచి కూడా తగులుతుంది. తవ్వేవాళ్ళు, ఉడకబెట్టేవాళ్ళు, కల్లంలో ఆరబోసేవాళ్ళు, ఇంటిల్లిపాదీ పనిలోనే. నిజామాబాదు మార్కెట్టు యార్డుకు సరుకు చేరేదాకా ఆ పనికి తెరిపి ఉండదు. సరిగ్గా ఆ నెలల్లోనే బడిలో పాఠాలు చివరికొచ్చి పరీక్షలు దగ్గరపడతాయి. కూలి ఇళ్ళ పిల్లలు చిన్నవాళ్ళను చూసుకుంటూ ఇంటి దగ్గరే ఉండిపోవడం మనమందరం చూసినదే. మనలో కొందరం అలా ఉండిపోయినవాళ్ళమే.

మరి చట్టం ఏమంటున్నది? బి.ఎడ్. వైపు పోదలచిన మిత్రులు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఇది. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం పిల్లవాణ్ణి బడికి పంపే భారాన్ని తల్లిదండ్రుల మీదనే ఉంచింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ తూకాన్ని మార్చింది. అందులో నిర్బంధం అంటే ప్రభుత్వానికి నిర్బంధం. పిల్లల్ని చేర్చుకోవడమే కాదు, వాళ్ళు రోజూ వచ్చేట్టు, చదువు పూర్తి చేసేట్టు చూడడం ప్రభుత్వ బాధ్యత. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, 6 నుంచి 8 తరగతులకు 220 దినాలు, 1000 గంటలు తగ్గకూడదని దాని షెడ్యూలు నిర్ణయించింది.

800 గంటలంటే రోజుకు 4 గంటలు. చూడడానికి తేలికే. కాని అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లున్న బడిని తలచుకోండి. 60 మంది పిల్లల వరకు చట్టం అడిగేదీ ఆ ఇద్దరినే. ఇద్దరూ 4 గంటలపాటు ఊపిరాడకుండా చెప్పినా, ఒక్కొక్క తరగతికి టీచరు ఎదురుగా ఉండేది 1 గంట 36 నిమిషాలు. ఏడాదికి లెక్క కడితే 320 గంటలు. మిగతా 480 గంటలు పిల్లలు పలక ముందు పెట్టుకొని పక్క తరగతి పాఠం వింటుంటారు. రిజిస్టరులో మాత్రం 800 గంటలూ నిండే ఉంటాయి!

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. గంటలు పెరగాలంటే గడియారం చాలదు, టీచరు కావాలి, అంటే జీతం కావాలి. ఖర్చు బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటిదీ అని చట్టంలోనే ఉన్నది. సమగ్ర శిక్షలో మన రాష్ట్రానికి ఆ వాటా 60:40. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది, అది నేటికీ నెరవేరలేదు. 30 మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం వచ్చే వార్షిక గ్రాంటు 10,000 రూపాయలు. 200 రోజులకు పంచితే రోజుకు 50 రూపాయలు. చాకుపీసులు, రిజిస్టర్లు, విరిగిన కిటికీ, అన్నీ అందులోనే.

ఉన్న టీచరునైనా బడిలో ఉండనిస్తున్నామా అంటే అదీ లేదు. పదేళ్ళకోసారి జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను పంపరాదని 27వ సెక్షను. అయినా 2024 నవంబరులో రాష్ట్రంలో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినపుడు ప్రాథమిక బడుల టీచర్లే ఇళ్ళ వెంట తిరిగారు, ఆ రోజుల్లో ఆ బడులు ఒంటిపూటే నడిచాయి. సర్వే అవసరమా కాదా అన్నది వేరే చర్చ. పోయిన పూటలు మాత్రం పిల్లలవి.

మన ప్రాంతానికి పనికొచ్చే మాట ఒకటి 9వ సెక్షనులో ఉన్నది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. విద్యా సంవత్సరపు క్యాలెండరు నిర్ణయించడం స్థానిక సంస్థల విధుల్లో ఒకటి. 200 రోజులు ఉండాలన్నారే గాని, ఏ 200 రోజులో చట్టం చెప్పలేదు. సెలవులు కొన్ని పసుపు తవ్వే వారాలకు జరిపి, ఆ పాఠాలు వానకాలంలో ముందే చెప్పుకోవచ్చు. అట్లా చేస్తే పిల్లల్ని పనికి పంపమని మనమే చెప్పినట్టవుతుందని ఒక లెక్చరరు గారు నాతో వాదించారు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. కాని ఇవాళ ఆ వారాల్లో బెంచీలు ఖాళీగానే ఉంటున్నాయి, పాఠం మాత్రం ముందుకు పోతూనే ఉన్నది. క్యాలెండరు ఏటా హైదరాబాదు నుంచే వస్తుంది. పసుపు పండే మండలానికీ, పండని మండలానికీ అదే.