నిలిచిన కారు ఎందుకు వణుకుతుంది?

కాకినాడనుండి సముద్రపు ఒడ్డు వెంబడి ఉప్పాడకు పోయే రోడ్డుమీద పాత అంబాసిడర్ కారు ఒకటి వస్తున్నదనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చినంతసేపూ దానిలో లోపమేమీ కనిపించలేదు. ఊరి మొదట బండి ఆపి, డ్రైవరు యాక్సిలరేటరుమీది కాలు తీసేసరికి బానెట్టు వణకసాగింది. కొంతసేపటికి ఇంజను ఆగిపోయింది. అతడు దిగి, కార్బురేటరు ప్రక్కనున్న స్క్రూను ఒక చుట్టు బిగించాడు. చప్పుడు పెరిగింది, వణుకు కొంత తగ్గింది. ప్రయాణికులు మళ్ళీ ఎక్కారు. చాలామంది చేసే చికిత్స ఇదే. రోగం మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

పరుగెత్తేటప్పుడు లేని జబ్బు నిలబడినప్పుడే ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే జబ్బు పేరు సగం దొరికినట్లే.

కొబ్బరిబొండాంలో గొట్టం పెట్టి నీళ్ళు పీల్చేటప్పుడు గొట్టానికి మధ్యలో చిన్న చిల్లు ఉంటే, నోటిలోకి నీళ్ళతోపాటు గాలికూడా వస్తుంది. పెట్రోలు ఇంజనుకూడా పీల్చే యంత్రమే. పిస్టను క్రిందికి దిగినప్పుడు సిలిండరులో పీడనం తగ్గుతుంది. బయటి గాలి కార్బురేటరుగుండా లోపలికి వస్తూ, దారిలో పెట్రోలును తుంపరగా తనతో తెచ్చుకుంటుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇది బరువులో లెక్క. ఇంజను నిలకడగా, మెల్లగా తిరిగే స్థితిని మెకానిక్కులు ఐడ్లింగు అంటారు. పాత కార్బురేటర్లలో ఆ స్థితికి పెట్రోలు కొంచెం ఎక్కువగానే, అంటే 13 పాళ్ళ గాలికి ఒక పాలు వచ్చేటట్లు సరిచేసి ఉంచుతారు.

కార్బురేటరుకు, సిలిండర్లకు నడుమ నున్న గొట్టాల కూర్పు ఇన్లెట్ మానిఫోల్డు. కాలు తీసినప్పుడు థ్రాటిల్ బిళ్ళ దాదాపు మూసుకొని ఉంటుంది. పిస్టన్లు పీలుస్తూనే ఉంటాయి, గాలికి దారి మాత్రం సన్నని సందు. అందువల్ల మానిఫోల్డులో పాక్షిక శూన్యం ఏర్పడుతుంది. సముద్రమట్టంలో వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల, అంటే సుమారు 30 అంగుళాల పాదరసపు ఎత్తుకు సమానం. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఐడ్లింగులో తిరుగుతుండగా మానిఫోల్డుకు వాక్యూమ్ గేజి తగిలిస్తే ముల్లు 17 నుండి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలుస్తుంది. 18 అంగుళాలు చూపితే లోపల మిగిలిన పీడనం 12 అంగుళాలు. వాతావరణ పీడనంలో నూటికి 40 వంతులు. యాక్సిలరేటరు బాగా తొక్కితే బిళ్ళ తెరుచుకొని ఈ శూన్యం చాలవరకు మాయమవుతుంది.

ఈ కొలతకు ఉప్పాడ అనువైన చోటు. గేజిలమీద అచ్చువేసే అంకెలు సముద్రమట్టానివే. దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో అదే ఇంజను సుమారు రెండు అంగుళాలు తక్కువ చూపుతుంది. అది ఇంజను తప్పు కాదు, బయటి గాలి పలుచన.

ఇప్పుడు మానిఫోల్డుకు 2 మిల్లీమీటర్ల వ్యాసం గల చిల్లు పడిందనుకుందాం. లోపలి పీడనం బయటి పీడనంలో నూటికి 53 వంతులకంటె తగ్గితే, చిల్లులోని గాలి ధ్వనివేగాన్ని అందుకుంటుంది. ఆపైన లోపల ఎంత శూన్యం పెరిగినా గాలి అంతకంటె ఎక్కువ రాదు. అంటే ఐడ్లింగులో చిల్లు తన శక్తికొద్దీ గాలిని లోపలికి వదులుతూనే ఉంటుంది: నిమిషానికి దాదాపు 30 లీటర్లు.

ఇంజను అవసరం ఎంత? ఈ లెక్క తరగతిలో చేయించదగినది. అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన ఇంజను పరిమాణం 1,489 ఘన సెంటీమీటర్లు. నాలుగు ఘాతాల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకమారు అంత పరిమాణాన్ని పీలుస్తుంది. నిమిషానికి 700 చుట్లు తిరిగితే 521 లీటర్లు. కాని అది పలుచబడిన గాలి; 40 శాతం పీడనం, సిలిండరు పూర్తిగా నిండకపోవటం లెక్కలోకి తీసుకుంటే, బయటి గాలి కొలతలో సుమారు 170 లీటర్లే. దానికి దొంగదారిన 30 లీటర్లు చేరితే, 13 పాళ్ళుండవలసిన గాలి 15 పాళ్ళు దాటుతుంది. చిల్లు వ్యాసం 3 మిల్లీమీటర్లయితే వైశాల్యం రెండుంబావు రెట్లు. గాలి 18 పాళ్ళ దగ్గరికి చేరుతుంది. మెల్లగా తిరిగే పాత ఇంజనులో అంత పలుచని మిశ్రమానికి నిప్పురవ్వ సరిగా అంటుకోదు.

అదే ఇంజను రోడ్డుమీద బరువు లాగుతూ 2,500 చుట్లు తిరిగేటప్పుడు 1,100 లీటర్ల వరకు పీలుస్తుంది. 2 మిల్లీమీటర్ల చిల్లు ఇచ్చేది అప్పుడు 30 లీటర్లకు లోపే. రెండున్నర శాతం మించదు. బండి పరుగులో బాగుండి, నిలబడితే వణకటానికి కారణం ఈ నిష్పత్తే. పరుగులోకూడా మిస్సింగు ఉన్నట్లయితే కారణాన్ని మరొకచోట వెదకవలె.

వణుకు లెక్కకూడా చూడదగినది. నాలుగు సిలిండర్లు, 700 చుట్లు: నిమిషానికి 1,400 పేలుళ్ళు. ఒక సిలిండరు పనిచేయకపోతే 350 పేలుళ్ళు తప్పుతాయి. సెకనుకు ఆరు లోపాలు. చెవికి వినిపించే ఆ తడబాటు, చేతికి తగిలే ఆ అదురు అవే.

గాలి ఎక్కడినుండి చొరబడుతుంది? రబ్బరు గొట్టాల చివరలనుండి. కార్బురేటరు అడుగున ఉండే గాస్కెట్టునుండి. మానిఫోల్డుకు ఇంజనుకు మధ్యనున్న గాస్కెట్టునుండి. అరిగిపోయిన థ్రాటిల్ ఇరుసు ప్రక్కనుండి. కార్బురేటరు నట్లను అతిగా బిగించి, దాని అంచును వంచి, లేని సందును కల్పించేవారుకూడా ఉన్నారు! సముద్రతీరంలో ప్రతి తప్పునూ ఉప్పుగాలిమీద వేయటం అలవాటు. అది కొంతవరకే నిజం. ఉప్పు తుంపర ఉక్కు క్లిప్పులను, స్టడ్లను తినివేస్తుంది. క్లిప్పు పట్టు సడలితే గొట్టం వదులవుతుంది. రబ్బరును గట్టిపరచి బీటలు వారించేది మాత్రం ముఖ్యంగా ఇంజను వేడి, గాలిలోని ఓజోను. ఉప్పాడకు ఎన్నడూ రాని బండిలోనూ గొట్టాలు పగులుతాయి.

పరీక్ష సులభమైనదానితో ప్రారంభించవలె. ఇంజను బాగా వేడెక్కిన తరువాత చోకును కొద్దిగా లాగి చూడాలి. చోకు గాలిని తగ్గించి పెట్రోలును పెంచుతుంది. వణుకు తగ్గితే మిశ్రమం పలుచబడిందన్నమాట. పెరిగితే అనుమానం చిల్లుమీద పెట్టనక్కరలేదు. అయితే ఐడ్లింగు జెట్టులో నలుసు అడ్డుపడినా మిశ్రమం పలుచనవుతుంది. కనుక ఈ ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పరాదు. గేజి ఉంటే తగిలించాలి. ముల్లు కదలకుండా 12, 14 అంగుళాల దగ్గర నిలిస్తే గాలి చొరబాటుగాని, నిప్పురవ్వ ఆలస్యంగాని కావచ్చు. క్రమంగా ఒకే తాళంలో పడిపోతూ లేస్తుంటే ఒక కవాటం సరిగా మూసుకోవటం లేదని అనుమానించాలి.

తరువాత ప్లగ్గు తీగలను, రబ్బరు పిడి గల పట్టకారుతో, ఒక్కొక్కటిగా తీసి, చివరను ఇంజను లోహానికి ఆనించి చూడాలి. పనిచేస్తున్న సిలిండరు తీగ తీస్తే వేగం తగ్గుతుంది. పనిచేయనిదానిది తీస్తే తేడా ఉండదు. పై 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజనులో ఇక్కడొక విశేషమున్నది. ఒకటి, రెండు సిలిండర్లకు కలిపి ఒకే ప్రవేశద్వారం; మూడు, నాలుగింటికి మరొకటి. కాబట్టి ఒక ద్వారం దగ్గర గాస్కెట్టు పోతే ఇరుగుపొరుగు సిలిండర్లు రెండూ నీరసిస్తాయి. ఒక్కటే నీరసిస్తే ప్లగ్గునో కవాటాన్నో ముందు చూడటం మేలు. నాలుగూ సమంగా నీరసంగా ఉంటే చిల్లు కార్బురేటరు దగ్గర, అందరికీ ఉమ్మడియైన చోట ఉన్నది.

చోటును పట్టటానికి చెవికూడా పనికివస్తుంది. రెండడుగుల రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకొని, రెండవ కొనను అతుకుల వెంబడి, ఫ్యానుకు ఎడంగా, మెల్లగా నడిపితే ఒకచోట బుస వినిపిస్తుంది. అక్కడ చిన్న పిచికారీతో నాలుగు చుక్కల నీళ్ళు వేస్తే, నీరు క్షణకాలం సందును మూసివేసి, ఇంజను నడకను మారుస్తుంది. నీళ్ళు ఎక్కువ పోయరాదు. ఈ ఇంజనులో పొగ పోయే మానిఫోల్డు ప్రక్కనే ఉంటుంది, కాలుతున్న పోత ఇనుము చల్లనీళ్ళకు పగలవచ్చు. కొందరు నీటికి బదులు పెట్రోలు చల్లుతారు. నిప్పురవ్వలు, ఎర్రగా కాగిన గొట్టాలు ఉన్నచోట ఇది ప్రాణాంతకం. అగరువత్తి పొగతో వెదకటంకూడా అంతే.

మొదట డ్రైవరు స్క్రూ బిగించి చేసిందేమిటి? థ్రాటిల్ బిళ్ళను కొంచెం తెరిచాడు. మిశ్రమం ఎక్కువగా పారింది. చిల్లు వాటా తగ్గింది. వణుకు దాగింది గాని, ఆగిన ప్రతిసారీ పెట్రోలు వృథాగా పోతూనే ఉంటుంది. కంప్యూటరు గల తరువాతి కార్లలో ఈ దాచే పని కొంతవరకు యంత్రమే చేస్తుంది, కనుక అక్కడ చిల్లు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

ఇది పెట్రోలుతో పోయే విషయమే అయితే తొందర లేదు. కాని సర్వో బ్రేకు గల కార్లలో మానిఫోల్డు శూన్యమే బ్రేకుకు బలాన్నిస్తుంది. సర్వోకు పోయే గొట్టం పగిలినా ఐడ్లింగు ఇలాగే వణుకుతుంది. పైగా బ్రేకు పెడలు రాయిలాగ గట్టిపడుతుంది. అలల తాకిడికి మాటిమాటికి కోతపడే ఉప్పాడ రోడ్డుమీద హఠాత్తుగా ఆపవలసిన సందర్భాలు తక్కువ కావు. అందుచేత ఆ గొట్టాన్ని ఐడ్లింగులో మెత్తని పట్టుతో ఒక్కక్షణం నొక్కి చూడాలి. వణుకు ఆగితే దోషం గొట్టంలోగాని సర్వోలోగాని ఉన్నది. మరొక పరీక్షకు పనిముట్టే అక్కరలేదు. ఇంజను ఆపి, పెడలు గట్టిపడేవరకు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అదిమిపట్టి ఇంజను స్టార్టు చేయాలి. పెడలు కాలిక్రింద కొంచెం దిగాలి. దిగకపోతే బండిని బాగుచేయించేవరకు కదపరాదు.

గొట్టమో గాస్కెట్టో మార్చిన వెంటనే ఇంజను ఒక్కసారిగా వేగంగా తిరుగుతుంది. అది కొత్త జబ్బు కాదు. ఇదివరకు బిగించిన స్క్రూ ఫలితం. దానిని వెనుకకు త్రిప్పి, గేజి ముల్లు మళ్ళీ 18 దగ్గర నిలిచేటట్లు సరిచేయవలె.