అనాథ ఫైళ్లు, దెబ్బతిన్న డైరెక్టరీలు: పునరుద్ధరణ విధానం

హఠాత్తుగా కరెంటు పోయిన తరువాత కొన్ని ఫైళ్లు కనిపించకపోవచ్చు. అంతమాత్రాన వాటిలోని సమాచారం చెరిగిపోయిందని భావించకూడదు.

లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పరిమాణం, యజమాని, అనుమతులు, డిస్కుపై దాని బ్లాకుల వివరాలు ఐనోడ్‌లో ఉంటాయి. పేరు మాత్రం అందులో ఉండదు. అది డైరెక్టరీలో ఐనోడ్ సంఖ్యతో జతగా ఉంటుంది. డైరెక్టరీ పాడైతే పేరు పోతుంది, ఐనోడ్ మిగులుతుంది. ఇలా ఏ డైరెక్టరీలోనూ నమోదు లేకుండా మిగిలినదే అనాథ ఫైలు.

ఇ2ఎఫ్ఎస్‌సీకే అనే సాధనం అయిదు దశల్లో పరిశీలిస్తుంది:

1. ఐనోడ్‌లు, వాటి బ్లాకులు
2. డైరెక్టరీల నిర్మాణం
3. ప్రతి డైరెక్టరీకి మూల డైరెక్టరీతో గల సంబంధం
4. లింకుల సంఖ్య
5. ఖాళీ బ్లాకుల, ఐనోడ్‌ల లెక్క

మూడో దశలో తెగిపోయిన డైరెక్టరీలను, నాలుగో దశలో అనాథ ఫైళ్లను 'లాస్ట్+ఫౌండ్' డైరెక్టరీలో చేరుస్తుంది. పాత పేరు తెలియదు కనుక ఐనోడ్ సంఖ్యనే పేరుగా పెడుతుంది, ఉదాహరణకు #12345. అయితే తెగిపోయిన డైరెక్టరీ లోపలి ఫైళ్ల పేర్లు నిలిచే ఉంటాయి. అవి ఆ డైరెక్టరీ సొంత బ్లాకుల్లో ఉండటమే ఇందుకు కారణం. పేరు పోయిన ఫైలు ఏ రకానిదో 'ఫైల్' ఆదేశంతో తెలుసుకోవచ్చు.

గమనిక: ఈ సాధనం లక్ష్యం ఫైల్ సిస్టమ్‌ను పొందికగా నిలపడమే గాని మీ సమాచారాన్ని కాపాడటం కాదు. పొందిక కోసం పాడైన నమోదులను తొలగిస్తుంది కూడా. కాబట్టి ముందు డిస్కు నకలు తీయండి. అన్‌మౌంట్ చేసిన తరువాతే మరమ్మతు చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డైరెక్టరీ తెగిపోవడం, డైరెక్టరీ పాడవడం — ఈ రెండింటిలో లోపలి ఫైళ్ల పేర్లు ఎప్పుడు పోతాయి? ఎందుకు?