పసివాళ్లతో మాట్లాడుతున్నామా?

పొద్దంతా మిరపకాయలు కోసి ఇల్లు చేరిన తల్లి, "చదువురాని వాళ్లం, బిడ్డకు ఏం నేర్పగలం?" అంటుంది. పల్నాటి ముస్లిం ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో మన ఇళ్లు కొన్నింట ఉర్దూ, నూర్‌బాషా ఇళ్లలో ఎక్కువగా తెలుగు మాట్లాడతారు. ఉర్దూ ఇంటి బిడ్డ అంగన్‌వాడీలో నోరు మెదపకపోతే మొద్దని అనుకోకూడదు. అక్కడి భాష వాడికింకా అలవాటు కాలేదంతే. అందుకని ఇంట్లో ఉర్దూ మానుకోనక్కర లేదు. పిలిచినా తిరిగి చూడని బిడ్డకు మాత్రం వినికిడి పరీక్ష చేయించాలి.

అమెరికాలో స్పానిష్ మాట్లాడే 29 పేద కుటుంబాలను పరిశీలించిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో ఒక సంగతి వెల్లడించారు. అందరూ పేదలే. అయినా బిడ్డతో నేరుగా ఎక్కువగా మాట్లాడిన ఇళ్లలోనే పిల్లలకు ఎక్కువ మాటలు వచ్చాయి. పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నందువల్ల ఆ మేలు కలగలేదు.

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టతో ఆడుకునేవాడు. మహాప్రవక్త (సఅసం) ఆ ఇంటికి వచ్చినప్పుడు పిట్ట కబుర్లు ఆ పసివాణ్ణే అడిగేవారు. అంతటి మహనీయులకు దొరికిన తీరిక, రొట్టెలు కాల్చేవేళ, మస్జిద్‌కు నడిచేవేళ మనకు దొరకదా?