చేప లోతుకు పోతే కూలివాడి కుండ ఖాళీ

బండారులంక అంటే మగ్గం గుర్తుకొస్తుంది గాని సముద్రం గుర్తుకు రాదు. అయినా మగ్గం దిగిన నేతగాడి ఇంట్లో, ఊడ్పుల నుంచి వచ్చిన కూలి ఇంట్లో అన్నంలోకి కాస్త నీసు కావాలంటే తీరం నుంచి వచ్చే చేపల గంపే దిక్కు. అందుకే సముద్రం సంగతి వేటకెళ్ళేవాళ్ళకే కాదు, మనకూ తెలియాలి.

చేపకు సముద్రమంతా ఇల్లు కాదు. తగినంత వేడి, ఉప్పు, మేత ఉన్నచోటే అది నిలుస్తుంది. గోదావరి ఒండ్రు కలిసిన తీరపు నీటిలో కంటికి ఆనని నాచు పెరుగుతుంది. దాన్నీ, దాన్ని మేసే పురుగునూ తిని కవళ్ళు, కానాగంతలు బతుకుతాయి. పైనీరు మరీ వేడెక్కితే అడుగునున్న చల్లటి, సారమున్న నీరు పైకి రాదు. మేత తగ్గుతుంది, చేప తావు మారుస్తుంది.

ఇది ఊహ కాదు. నూనె కవళ్ళు ఒకప్పుడు మలబారు తీరపు చేప. 1980ల తర్వాత మన తూర్పు తీరంలోనూ పడసాగాయి. కానాగంతలేమో లోతుకు దిగుతున్నాయి. నీరు వేడెక్కడమే ఇందుకు కారణమని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చెప్పారు. కేరళలో 2012లో నాలుగు లక్షల టన్నులకు దగ్గరగా పడిన కవళ్ళు 2021లో నాలుగు వేల టన్నులైనా పడలేదు.

మరి ఈ నష్టం అందరికీ ఒకటేనా? కానే కాదు. లోతుకు పోయిన చేపను డీజిలు పోయగల మరబోటు వెంటాడుతుంది. చిన్న నావ మీద వెళ్ళేవాడికి అది అందదు. గంపలో సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. ముందు మానుకునేది కూలివాడే.

పులస సంగతీ అంతే. సముద్రంలో విలసగా తిరిగే ఈ చేప ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. వాన ఆలస్యమై వరద రాకపోతే దానికి కబురు అందదు. వచ్చినా 1852 నుంచి ధవళేశ్వరం ఆనకట్ట అడ్డముంది. ఏటి మొగలో సన్నకన్ను వలలున్నాయి. తప్పంతా వాతావరణం మీదికి నెట్టడానికి వీల్లేదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. అమ్మడానికి పుస్తెలైనా మిగలనివాళ్ళ మాటేమిటి?

వానల తీరు చూడండి. 2022 జూలై వరదలో లంకలు మునిగాయి. 2023 ఆగస్టులో దేశంలో 1901 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ వాన పడింది. చేలో కూలి పోగొట్టేదీ, వల ఖాళీ చేసేదీ ఆ వాన తేడాయే. 1996 నవంబరు 6 తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళు అందులో ఎందరో!

అందుకే కూలీలూ, మత్స్యకారులూ కలిసి అడగాలి. తుపాను కబురు చిన్న నావకూ వేళకు చేరాలి. పులస ఎదురీదే రోజుల్లో మొగలో సన్నకన్ను వలలు ఆపించాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే వేట నిషేధంలో భృతి పడవెక్కేవాళ్ళకే కాదు, గంప మోసే ఆడవాళ్ళకూ ఇవ్వాలి. పనిలేని రోజుల్లో కూలీకి ఉపాధి పని చూపాలి. ఇవి వేర్వేరు కోర్కెలు కావు.