తూర్పు కనుమల సరీసృప వైవిధ్యం: ఎత్తు, ఆవాసాల పాత్ర

సరీసృపాలు దేహోష్ణత కోసం పరిసరాలపై ఆధారపడే జీవులు. కొండ ఎక్కేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. అందువల్ల ఎత్తు పెరిగేకొద్దీ జాతుల సంఖ్య క్షీణించడం సహజమనిపిస్తుంది. అయితే వివిధ పర్వతాల సమాచారాన్ని క్రిస్టీ మెక్‌కెయిన్ 2010లో విశ్లేషించినప్పుడు ఈ సూత్రం ఒక్కటే చాలదని తేలింది. తేమ గల పర్వతాలలో ఉష్ణోగ్రతే ప్రధాన నిర్ణాయకం; శుష్క పర్వతాలలో దానికి నీటి లభ్యత కూడా తోడవుతుంది. కొన్నిచోట్ల జాతుల సంఖ్య నడిమి ఎత్తులలో గరిష్ఠమవుతుంది. కాబట్టి ఎత్తు స్వయంగా కారణం కాదు. ఉష్ణోగ్రత, తేమ, విస్తీర్ణం, వృక్షజాలం వంటి కారణాలకు అది సూచిక మాత్రమే.

తూర్పు కనుమలలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది. శేషాచలం కొండల నుండి బెడ్డోమ్ 1870లో వర్ణించిన బంగారు బల్లి ఆ తరువాత ఉత్తరాన పాపికొండల వంటి చోట్ల కూడా నమోదైంది. దానికి కావలసింది ఎత్తు కాదు, చెమ్మ నిలిచే బండల నెరియలు. ఇందుకు భిన్నమైనది జయపురం బల్లి. 1877లో అదే శాస్త్రవేత్త జయపురం ప్రాంతంలో సుమారు 1,300 మీటర్ల ఎత్తున లభించిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా దీనిని వర్ణించాడు. 130 ఏళ్లకు పైగా ఎవరికీ కనబడని ఈ బల్లి 2010లో ఒడిశా, ఉత్తరాంధ్ర కొండలలో తిరిగి లభించింది. అదీ వెయ్యి మీటర్లకు పైబడిన తేమ అడవులలోనే. దీర్ఘకాలం కనబడకపోవడానికి జాతి అరుదుదనం ఎంత కారణమో, ఆ కొండలపై సర్వేలు కొరవడటమూ అంతే కారణమని భావించవచ్చు.

నేలపై తిరిగే ఇటువంటి బల్లులకు రాలిన ఆకుల పొర, రాళ్ల సందులు, నీడ ముఖ్యం. అరకు, పాడేరు ప్రాంతాలలో సహజ అడవి స్థానంలో సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోటలు వెలిసిన చోట నీడ మిగిలినా వృక్షజాతుల వైవిధ్యం తగ్గుతుంది. అందుచేత ఒకే ఎత్తున ఉన్న తోటను, అడవిని పోల్చి చూడని సర్వే ఆవాస ప్రభావాన్ని ఎత్తు ప్రభావంగా పొరబడే ప్రమాదం ఉంది.

పై లెక్క ప్రకారం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అదే వాతావరణం కోసం జీవి సుమారు 150 మీటర్లు పైకి జరగాలి. కోరాపుట్‌లోని దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు. జయపురం బల్లికి పైన మిగిలిన చోటు అంతకు మించి లేదు.